దూలం వంగిందని ఇల్లు కూల్చాలా?

పాత మేడకు మరమ్మతు మొదలుపెట్టే ఇంటివారి ఖర్చుల చిట్టాలో సాధారణంగా ముందు కనిపించేవి రంగులు. ఆ తర్వాత గ్రానైటు నేల, వంటింటి అరలు, హాలుకు జిప్సం ఫాల్స్ సీలింగ్, పెద్దవాళ్లకు మెట్లు దిగే అవస్థ లేకుండా పై అంతస్తులో ఒక బాత్‌రూము. వీటన్నిటినీ మోయాల్సిన దూలం మాత్రం ఆ చిట్టాలోకి ఎక్కదు. పని సగంలో ఉండగా ఎవరో తలెత్తి చూసి "దూలం కిందికి దిగిందే" అంటారు. అక్కడి నుంచి రెండే సలహాలు వినిపిస్తాయి: కప్పేద్దామని ఒకరు, కూల్చేద్దామని ఇంకొకరు. సీలింగ్ వేస్తే వంపు కనబడదు గనుక మొదటిది చవక. స్థలం కోసం బిల్డరు కాచుకుని ఉంటాడు గనుక రెండోది లాభసాటి. మూడో దారి కూడా ఉంది. వంపు ఎందుకొచ్చింది, ఎన్నాళ్లుగా ఉంది, ఇంకా పెరుగుతోందా అన్నది తేల్చుకుని, కారణాన్ని తొలగించి, ఆపైన దూలానికి బలం చేర్చడం. చాలా ఇళ్లకు ఇదే సరైన దారి అని, మరమ్మతు కోసం దాచుకున్న డబ్బులో మొదటి వాటా దీనికే వెళ్లాలని నా వాదన.

కొయ్య మీద నిలబడ్డ అంతస్తులు మన దగ్గర ఇంకా తక్కువేమీ కాదు. కోనసీమ మండువా లోగిళ్లలో అటకలు, పై గదులు దూలాల మీదే ఉన్నాయి. తీరప్రాంతపు పాత పట్టణాల మేడల్లో బర్మా నుంచి ఓడల్లో దిగిన రంగూన్ టేకును ఇప్పటికీ గొప్పగా చూపిస్తారు. హైదరాబాద్ పాతబస్తీ దేవిడీల్లో, సికింద్రాబాద్ పాత బజారుల్లో దుకాణాల మీది అంతస్తులు ఇలాంటివే. మద్రాసు టెర్రస్ అని మేస్త్రీలు పిలిచే పద్ధతిలో టేకు దూలాలను దగ్గర దగ్గరగా పేర్చి, వాటి మీద పలచని ఇటుకలను అంచు మీద నిలబెట్టి సున్నంతో ఏటవాలుగా కట్టి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిస చేసేవారు. రాయలసీమ మిద్దెల్లో గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరిచి, మట్టి, చివరగా చౌడు వేస్తారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో స్తోమత తక్కువైనవాళ్లు తాటి దూలాలతో సరిపెట్టుకున్నారు. పద్ధతులు వేరైనా అడ్డంగా పడుకున్న కొయ్య పైబరువును రెండు కొసల ద్వారా గోడలకు చేర్చడం అన్నిట్లోనూ ఒకటే. అందుకే అది పాడయ్యే తీరు కూడా ఇంచుమించు ఒకటే.

దూలం కాస్త వంగడం దానంతట అది ప్రమాదం కాదు. ఏళ్ల తరబడి ఒకే బరువు మోసే కొయ్య నెమ్మదిగా సాగుతుంది. మొదట వచ్చిన వంపు కాలం గడిచేకొద్దీ ఒకటిన్నర నుంచి రెండింతల దాకా పెరగడం దాని స్వభావం. కొత్తగా కట్టే కొయ్య కట్టడాలకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 883 ఒక హద్దు పెట్టింది. జిప్సం సీలింగులు, పెంకులు, పలకల వంటి పెళుసు వస్తువులను మోసే దూలం తన పొడవులో 360వ వంతుకు మించి వంగకూడదు; మిగతావాటికి 240వ వంతు దాకా సమ్మతమే. పన్నెండడుగుల దూలానికి ఇది సుమారు 10 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు. వంపును దాచడానికి వేస్తున్న జిప్సం సీలింగే అన్నిటికంటే తక్కువ వంపును ఓర్చుకునే వస్తువన్న సంగతి దాన్ని అమ్మేవాళ్లు చెప్పరు. ఈ హద్దులు కొత్త కట్టడం కోసం. ఎనభై ఏళ్ల కిందటి దూలం అంగుళం దిగి ముప్పై ఏళ్లుగా అక్కడే ఆగి ఉంటే, కొసలు గట్టిగా ఉంటే, దానికి వయసు వచ్చిందంతే. అర అంగుళమే దిగినా ఈ ఏడాదిలోనే దిగి ఉంటే అసలు ఆలోచించాల్సింది దాని గురించి. కాబట్టి ఎంత వంగిందన్న దానికంటే కదులుతోందా లేదా అన్నది ముందు తెలియాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రెండు గోడల మధ్య దారం బిగువుగా లాగి కట్టి, దూలం మధ్యలో గుర్తు పెట్టి, తేదీ రాసి, ఒక వాన, ఒక ఎండ గడిచాక మళ్లీ కొలిస్తే చాలు.

కదులుతోందని తేలితే మొదట అనుమానించాల్సింది నీటిని. కొయ్యలో తేమ బరువులో 20 శాతం కంటే తక్కువ ఉన్నంతకాలం దాన్ని కుళ్లబెట్టే బూజు బతకలేదు. ఆ గీత దాటి తడి నిలిస్తే ఎంత గొప్ప టేకైనా లొంగుతుంది, చేవ కాస్త ఆలస్యంగా, పైనున్న తెల్ల కొయ్య త్వరగా. చెదలు కూడా తడి దారినే వెతుక్కుంటూ వస్తాయి. దూలం మధ్యభాగం అందరి కళ్లముందూ, గాలిలో ఉంటుంది కాబట్టి అది చెడటం అరుదు. చెడేది గోడలో దాగిన జానెడు కొస. పాత పనివాళ్లకు ఇది బాగా తెలుసు. కొసకు తారు పూసి, చుట్టూ గాలి ఆడేలా కొంచెం సందు వదిలేవారు. ఇప్పటి మరమ్మతుల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా ఎదురు. సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగు చేసి, ఆపైన నీరు దిగని రంగు వేస్తే లోపలి తడికి బయటి దారి మూసుకుపోతుంది. దూలం కొస చుట్టూ ఉన్న సందును కూడా "ఎలుకలు, పిట్టలు దూరుతున్నాయి" అని సిమెంటుతో బిగించేస్తారు. బయటికి గోడ కొత్తగా మెరుస్తుంటుంది, లోపల కొస నానుతుంటుంది. మూడు నాలుగేళ్లకు దూలం దిగితే నింద కొయ్యకు పడుతుంది. ఇంటి చూరు నీళ్లు గోడ మీదకి కారకుండా చూడటం, పగిలిన వానగొట్టం మార్చడం, కొస దగ్గర సిమెంటు గీకి సున్నం పెట్టడం, ఈ మూడూ చేయకుండా కొత్త దూలం ఎక్కించినా కొన్నేళ్లకు అదే కథ.

రెండో కారణం బరువు, దీన్ని మనమే ఎక్కిస్తున్నాం. నివాస గదుల్లో మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు 200 కిలోల భారం వేసుకుని లెక్క కట్టమని మన ప్రమాణాలు చెబుతాయి. పాత కొయ్య నేల మీద రెండంగుళాల సిమెంటు పడక వేసి దాని మీద గ్రానైటు పరిస్తే చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు అదనం. అంటే ఇంట్లో ఇంకా మనిషి అడుగు పెట్టకముందే ఆ భారంలో ముప్పాతిక వంతు నేలకే ఖర్చయిపోయింది. పన్నెండు, పద్నాలుగు అడుగుల గదికి అది రెండుంపావు టన్నుల పైమాటే. పడకగదిని రెండు చేయాలని పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ లేపితే ఇంకో రెండు టన్నులు. ఆ గోడ దూలాల మధ్యలో ఒకే గీత మీద కూర్చుంటే పరిస్థితి మరీ కష్టం. మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఒక టన్ను. వీటిలో ఏ ఒక్కటీ దుబారా కోరిక కాదు, అన్నిటికీ ఇంట్లో న్యాయమైన అవసరమే ఉంటుంది. కానీ అడగాల్సిన ఇంజినీరును అడగకుండా ఎక్కించిన బరువులివి. పలచని చెక్క నేలో వినైల్ పలకలో వేసుకుంటే, గోడ బదులు తేలికపాటి బోర్డు అడ్డు పెట్టుకుంటే చాలా దూలాలు మరమ్మతు అవసరమే లేకుండా ఇంకో తరం నిలబడతాయి.

బరువు ఎక్కించడం కంటే ఘోరం ఊతం తీసేయడం. పాత ఇళ్లలో గదులు చిన్నవి, నడిమి గోడ ఒకటి ఉంటుంది, దాన్ని కొట్టేస్తే విశాలమైన హాలు వస్తుందని ప్రతి మరమ్మతులోనూ ఎవరో ఒకరు సూచిస్తారు. దూలం వంపు దాని పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పన్నెండడుగుల దూలాన్ని పద్నాలుగు చేస్తేనే వంపు దాదాపు రెట్టింపు. నడిమి ఊతం తీసేసి పొడవును రెండింతలు చేస్తే కనీసం పదహారు రెట్లు. దూలం ఎత్తు విషయంలోనూ ఇలాంటి లెక్కే ఉంది, బిగువు ఎత్తుకు మూడో ఘాతంలో మారుతుంది. పైపు దింపడానికి ప్లంబరు దూలంలో పావు వంతు లోతు గాడి కొడితే అక్కడ మిగిలేది ముప్పాతిక బిగువు కాదు, 42 శాతం. బలం 56 శాతం. పావు వంతే కదా అనుకునేవాడికి ఈ లెక్క ఊహకు అందదు, అందుకే అంత నిశ్చింతగా రంపం పెడతాడు.

ఈ రంపం విషయంలో కొయ్య ఇళ్ల దేశాలు ఎంత కచ్చితంగా ఉన్నాయో అమెరికాలో ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లకు కొంతైనా అనుభవమే. అక్కడి నివాస గృహాల కోడ్ ప్రకారం నేల మోసే జాయిస్టు మధ్య మూడో వంతులో గాడి అసలే కొట్టకూడదు. కొసలు మినహా మిగతా చోట ఎత్తులో ఆరో వంతుకు మించకూడదు. రంధ్రం మూడో వంతుకు మించకూడదు, అంచులకు రెండంగుళాల లోపలికి రాకూడదు. ఇన్ని నియమాలున్న చోటా నీటిని ఏమరితే ఏమవుతుందో 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్లీలో తెలిసింది. పుట్టినరోజు వేడుకలో విద్యార్థులు నిలబడి ఉన్న బాల్కనీ విరిగిపడి ఆరుగురు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. ఆ భవనం కట్టి పదేళ్లు కూడా కాలేదు. పైపూత కింద చిక్కుకున్న తడితో బాల్కనీ మోసే జాయిస్టులు కుళ్లిపోయాయి, పైకి మాత్రం అంతా చక్కగా ఉంది. తర్వాత 2018లో ఆ రాష్ట్రం అపార్టుమెంట్లలో కొయ్య ఆధారంగా ఉన్న బాల్కనీలను, మెట్లను ఆరేళ్లకోసారి నిపుణులు తనిఖీ చేయాలని చట్టం చేసింది. అక్కడ డెక్ మీద వ్రతానికో పుట్టినరోజుకో యాభైమందిని పిలిచే మన కుటుంబాలు ఒకసారి డెక్ కిందికి వంగి జాయిస్టులు ఇంటి గోడను తాకే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడటం మంచిది. ఇక్కడ మనకు కావలసిన పాఠం ఒకటే: వయసు దూలాన్ని చంపలేదు, దాచిపెట్టిన తడి చంపింది. ఎనభై ఏళ్ల దూలం నిలబడగలదు, ఎనిమిదేళ్లది కూలగలదు.

మన మిద్దెల చరిత్రలో ఇదే మాటను బరువు వైపు నుంచి చెప్పవచ్చు. వానకు ముందు మిద్దె మీద కొత్త చౌడు వేయడం రాయలసీమలో పాత అలవాటు. పాతది తీసి కొత్తది వేస్తే ఇబ్బంది లేదు. తీయకుండా ఏటా వేసుకుంటూ పోతే మట్టి మందం పెరుగుతూ పోతుంది. అరడుగు మట్టి పొడిగా ఉన్నప్పుడే చదరపు మీటరుకు 240 కిలోల దాకా తూగుతుంది, నానితే 300. అడుగు మందమైతే దానికి రెట్టింపు. జడివాన పట్టిన వారంలో మిద్దె కూలిందన్న వార్తలు రావడానికి కారణం ఇక్కడే ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు, ఉస్మానాబాద్ ప్రాంతంలో వచ్చిన భూకంపంలో దాదాపు 8 వేల మంది చనిపోయారు. అక్కడి ఇళ్లు మన మిద్దెలకు దగ్గరి చుట్టాలే, బరువైన రాతి గోడలు, కొయ్య దూలాల మీద మందంగా పేర్చిన మట్టి కప్పు. మనుషులను నలిపేసింది బంధం లేని రాతి గోడలూ, నెత్తిన పోగుపడ్డ ఆ మట్టీ. కొయ్య స్తంభాలూ దూలాలూ ఒకదానికొకటి పట్టుకుని ఉన్న ఇళ్లలో గోడలు పడిపోయినా ఆ చట్రం నిలబడి కనిపించడం తర్వాత పరిశీలించిన ఇంజినీర్లు గుర్తించారు. మిద్దె దూలం వంగిందంటే మొదటి మరమ్మతు కింద కాదు, పైన. పార తీసుకుని ఎక్కి, పాత మట్టిని దించి, కావలసినంత మందమే ఉంచి చౌడు వేయాలి. ఖర్చు కూలి మాత్రమే.

కారణం తొలగాక దూలం పని వస్తుంది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు దాన్ని మళ్లీ సరళరేఖ చేయాలనుకోవడం. యాభై ఏళ్లపాటు వంగి కుదురుకున్న కొయ్య జాకీ పెట్టి ఒక్క పూటలో ఎత్తితే నిటారు కాదు. దూలం పగులుతుంది, లేదంటే దాని మీది సున్నపు కట్టు, గోడ, తలుపు చట్రం పగులుతాయి. ముందు చేయాల్సింది దూలం కదలకుండా పట్టి ఉంచడం, ఎముక విరిగిన చేతికి కట్టు కట్టేవాడు చేసేది కూడా ఇదే. దూలం కింద, నేల మీద బరువు పంచే పలక వేసి, కొసలకు దగ్గరగా సర్వి బాదులో సెంట్రింగ్ జాకీలో నిలబెట్టాలి. కింద ఇంకో అంతస్తు ఉంటే దాని కింద కూడా ఊతం ఉండాలి. లేకపోతే ఈ బరువు ఆ నేల మీదకి మారుతుంది, అంతే. ఎత్తాల్సి వస్తే రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు, అదీ గోడల్లో కొత్త బీట రావడం లేదని చూసుకుంటూ. కొంత వంపు మిగిలిపోతే పోనివ్వాలి. నేల సమంగా కావాలంటే దూలం మీద చెక్క చీలికలు వేసి పలకలు సరిచేసుకోవచ్చు. సిమెంటు పోసి సమం చేస్తే వంగిన చోటే ఎక్కువ బరువు చేరుతుంది.

బలం చేర్చడానికి దారులు చాలా ఉన్నాయి. మధ్య భాగం గట్టిగా ఉండి కొస ఒక్కటే కుళ్లితే, కుళ్లినంత మేరా అవతల ఆరోగ్యంగా ఉన్న కొయ్య దాకా కోసి, ఆరిన కొయ్యతో కొత్త కొస అతికి, రెండు వైపులా ఇనుప పట్టీలు వేసి బోల్టులు బిగించవచ్చు. దూలం మొత్తం బలహీనమైతే పక్కనే అదే ఎత్తున ఇంకో దూలం చేర్చి కలిపి బిగిస్తే బిగువు రెట్టింపవుతుంది. కొయ్య దొరకకపోతే ఇరువైపులా ఇనుప చానెళ్లు. ఇనుము బిగువు టేకు కంటే సుమారు ఇరవై రెట్లు, కాబట్టి నాలుగంగుళాల చానెల్ పన్నెండడుగులకు 35 కిలోలే తూగినా రెండు కలిస్తే పని చేస్తాయి. ఎంత సైజు అన్నది మాత్రం గది పొడవును, బరువును బట్టి ఇంజినీరు తేల్చాలి. బోల్టులు దూలం అడుగు అంచున కాకుండా ఎత్తు మధ్యకు దగ్గరగా పడాలి, ఇనుముకు తుప్పు పట్టకుండా పూత వేయాలి. తాటి దూలం విషయం వేరు. దాని బలమంతా బయటి గట్టి పొరలో ఉంటుంది, లోపలిది మెత్తని గుజ్జు. దానికి బోల్టు పట్టదు. కింద స్తంభమో అడ్డ గడ్డరో పెట్టడమే ఉపాయం.

ఇంత శ్రమ ఎందుకు, కొయ్య తీసేసి స్లాబు పోస్తే సరిపోదా అన్నది అందరూ వేసే ప్రశ్న. సరిపోయే ఇళ్లూ ఉన్నాయి. కానీ అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోల పైనే తూగుతుంది. పన్నెండు, పద్నాలుగు అడుగుల గది ఒక్కదానికే దాదాపు 5 టన్నులు. మట్టి అడుసుతోనో సున్నంతోనో కట్టిన గోడ, లోతు తెలియని పునాది దాన్ని మోస్తాయో లేదో ఎవరు చూశారు? దూలం సాకుతో స్లాబు వేసి, రెండేళ్లకు గోడలు బీటలిస్తే అప్పుడు కూల్చడం తప్ప మార్గం ఉండదు. స్లాబు శాశ్వతమన్న నమ్మకానికి కూడా ఆధారం తక్కువ. ముప్పై నలభై ఏళ్ల కిందటి డాబాల్లో చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, అడుగు పెచ్చులూడి తల మీద పడుతున్న ఇళ్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. వాటికీ కారణం నీరే, తీరంలో ఉప్పుగాలి తోడు. తేడా ఒకటుంది. కొయ్య వంగి, కిర్రుమని, చాలాకాలం ముందే చెబుతుంది. స్లాబులో చువ్వ లోపల తుప్పు పడుతున్న సంగతి పెచ్చు ఊడేదాకా బయటికి తెలియదు.

రెండో అభ్యంతరం ఖర్చు, పనివాళ్లు. టేకు ధర సామాన్యుడికి అందదు, దూలం పని తెలిసిన వడ్రంగులు ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు ప్లైవుడ్ అల్మరాలు చేసుకుంటున్నారు. ఇది నిజం. అయితే మార్చాల్సింది సాధారణంగా మొత్తం దూలం కాదు, కొసలు. ఇనుము వాడితే టేకు ప్రసక్తే ఉండదు. గది మొత్తానికి నాలుగు దూలాలుండి అన్నిటికీ చానెళ్లు వేసినా ఇనుము 300 కిలోలు దాటదు. ఇంట్లో ఫాల్స్ సీలింగుకు, దాని లైట్లకు అయ్యే ఖర్చుతో ఇంటివారే పోల్చి చూసుకోవచ్చు. పనివాళ్ల కొరత మాత్రం ప్రభుత్వం పూనుకుంటే తప్ప తీరదు. హైదరాబాద్‌లోని జాతీయ నిర్మాణ అకాడమీ వంటి సంస్థల్లో కొత్త కట్టడం నేర్పుతున్నారు. పాత కొయ్యను పరీక్షించడం, ఊతం పెట్టడం, కొస అతకడం కూడా ఒక చిన్న కోర్సుగా నేర్పితే గడప గడపకూ పని ఉంటుంది.

మూడో అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మనుషుల ప్రాణం మీదకు వచ్చే వ్యవహారంలో పాత ఇంటి మీద మమకారం పనికిరాదు కదా అంటారు. ఒప్పుకోవాల్సిందే. గోడ తూకపు గుండుకు నిలవకుండా బయటికి ఒరిగితే, వరుసగా మూడు నాలుగు దూలాల కొసలు వేలితో పొడిస్తే పొడి రాలితే, మట్టి మిద్దె నానుతూ ఉండగా దూలం కదులుతున్న శబ్దం వినిపిస్తే, అప్పుడు వాదన లేదు, ఆ పూటే ఇల్లు ఖాళీ చేయాలి. అలాంటి ఇళ్లలో కొన్ని నిజంగానే కూల్చదగ్గవి. అసలు పేచీ ఆ తీర్పు ఎవరు, దేన్ని చూసి చెబుతున్నారన్నది. వానాకాలం ముందు పురపాలకులు శిథిల భవనాల జాబితాలు తయారుచేసి నోటీసులు అంటించడం ఏటా చూస్తున్నదే. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ చట్టంలో ఇలాంటి నోటీసులకు ఆధారమైన 456వ సెక్షను కూల్చడంతో పాటు కట్టుదిట్టం చేయడం, బాగుచేయడం కూడా ఇంటి యజమాని చేయదగ్గ పనులుగానే చెబుతుంది. ఆచరణలో ఆ మిగతా మాటలకు విలువ తక్కువ. బయటి నుంచి వాలకం చూసి పాతది అనిపిస్తే అది శిథిలమే. ఇంట్లో అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించాలనుకునే యజమానికి, స్థలం మీద కన్నేసిన బిల్డరుకు అలాంటి నోటీసు కంటే మంచి ఆయుధం ఉండదు.

దీనికి పెద్ద సంస్కరణలేవీ అక్కర్లేదు. నోటీసుతో పాటు ఆ ఇంట్లో ఏ దూలం, ఏ గోడ, ఎందుకు ప్రమాదకరమో స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో ఒక్క కాగితం జతచేయాలి. కొసలు గుచ్చి చూశారా, తేమ కొలిచారా, వంపును ఎన్ని రోజుల తేడాతో రెండుసార్లు కొలిచారు అన్నది అందులో రాయాలి. బాగుచేసుకుంటానని ముందుకొచ్చే యజమానికి తాత్కాలిక ఊతం పెట్టి పని ముగించడానికి గడువు ఇవ్వాలి. మరమ్మతు పనికి అనుమతి అడిగితే కొత్త కట్టడానికి అడిగే కాగితాలన్నీ అడగకూడదు. ఇంటివారి వైపు నుంచి చేయాల్సింది ఇంకా చిన్నది: సీలింగ్ వేయించుకోక తప్పదనుకుంటే, ప్రతి దూలం కొస దగ్గర చేయి, టార్చిలైటు పట్టేంత తలుపు ఒకటి పెట్టించమని కాంట్రాక్టరుకు పని మొదలవకముందే చెప్పాలి. అందం చెడుతుందని అతను అభ్యంతరం చెబితే, ఆ తలుపు లేకుండా బిల్లు చెల్లించబోమని కూడా చెప్పాలి.